తుక్కు సామానుతో హాట్ రాడ్ పికప్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలో ఉంటూ సొంత గ్యారేజీలో పాత పికప్ కట్టుకుంటున్న మన పాఠకులవే. విషయానికి కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. పాత అమెరికన్ బండి బాడీ ఉంచుకుని, ఇంజను, బ్రేకులు, నడక మార్చి కట్టుకున్న బండిని హాట్ రాడ్ అంటారు. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు ఫోర్డ్ మోడల్ టీ, మోడల్ ఏ బళ్లకు మడ్‌గార్డులు ఊడదీసి, మురాక్ లాంటి ఎండిన సరస్సుల్లో పరుగులు తీయించిన రోజుల నుంచీ ఇది ఉంది. డబ్బు లేకే వాళ్లూ తుక్కులో వెతుక్కున్నారు.

ప్రశ్న: 1950 షెవ్రొలే 3100 పికప్ క్యాబిన్, ముందు ఫెండర్లు, వెనక తొట్టి ఒక రైతు షెడ్డులో దొరికాయి. ఛాసిస్ తుప్పు తిని విరిగిపోయింది. స్నేహితుడి దగ్గర క్యాబిన్ నుజ్జయిన 1996 ఎస్-10 చిన్న పికప్ ఉంది. మరొకరు పాత షెవ్రొలే 350 ఇంజను (350 ఘనపుటంగుళాల, ఎనిమిది సిలిండర్ల వి8), టీహెచ్350 ఆటోమేటిక్ గేరుబాక్సు ఊరికే ఇస్తామంటున్నారు. 6,000 డాలర్లలో అవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? (కేటీ, టెక్సస్)

జవాబు: అవుతుంది. ఛాసిస్, ముందు సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు అన్నీ ఆ ఒక్క ఎస్-10 నుంచే తీసుకుంటే అవుతుంది. ముందు ఇరుసు ఒక బండిది, స్టీరింగ్ బాక్సు ఇంకో బండిది అని ఏరుకోవడం మొదలెడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. తుక్కులో భాగం చవకగానే వస్తుంది. రెండు బళ్ల భాగాల్ని కలిపే అడాప్టర్, బ్రాకెట్, ప్రత్యేకంగా కోయించిన షాఫ్టు మాత్రం కొత్తగా కొనాల్సిందే. చేతికి ఏ భాగం వచ్చినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న, "దీన్ని పక్కదానితో కలపడానికి ఏం కొనాలి?" అన్నదే.

ముందుగా టేపు పట్టండి. 3100 వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల నడుమ దూరం) 116 అంగుళాలు. ఎస్-10లో మామూలు క్యాబిన్, పొట్టి తొట్టి ఉన్నదానికి 108.3, పొడుగు తొట్టి ఉన్నదానికి 117.9, ఎక్స్‌టెండెడ్ క్యాబిన్‌కి 122.9 అంగుళాలు. మీ స్నేహితుడిది 117.9 అయితే దాదాపు సరిపోయినట్టే, తేడా 2 అంగుళాల లోపే. 122.9 అయితే సుమారు 7 అంగుళాలు తగ్గించాలి. 108.3 అయితే 7.7 అంగుళాలు తక్కువ పడుతుంది. అప్పుడు దారులు రెండు, ఛాసిస్ పొడిగించడం లేదా తొట్టినీ వెనక ఫెండర్ల స్థానాన్నీ ఆ మేరకు ముందుకు కుదించడం. వెల్డింగులో పాతికేళ్ల చెయ్యి లేనివాళ్లకు రెండోదే చెబుతాం. తొట్టి రేకులో అతుకు చెడితే చూపు చెడుతుంది, ఛాసిస్ అతుకు చెడితే ప్రాణం మీదికొస్తుంది.

ఛాసిస్ కోయక తప్పదనుకుంటే, క్యాబిన్ వెనక పట్టాలు తిన్నగా సాగే చోట కోయండి. నిలువుగా ఒకే గీతలో కోయకుండా మెట్టు ఆకారంలో కోసి కలపాలి. అతుకు మీద రెండు కొసలూ వాలుగా కోసిన పట్టీ లోపలివైపు వెయ్యండి. పట్టీ చివర నిలువుగా ఉంటే సరిగ్గా ఆ గీత వెంటే పగులు మొదలవుతుంది. 240 వోల్టుల మిగ్ (తీగతో అతికే) వెల్డింగు మెషిను, 0.035 అంగుళాల ఈఆర్70ఎస్-6 తీగ, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాసు సరైన జత. 120 వోల్టుల చిన్న మెషిన్లు రేకుకి బాగుంటాయి, ఛాసిస్‌కి చాలవు.

అసలు పనికి ముందు అదే మందం ఉన్న రెండు ముక్కలు అతికి, అతుకుకు అడ్డంగా రంపంతో కోయండి. కోసిన ముఖాన్ని నున్నగా సానబట్టి వెలుతురులో వంచి చూడండి. వెల్డు లోహం ముక్కలోకి గిన్నెలా దిగి, మధ్యలో గీత లేకుండా కలిసిపోతే బాగున్నట్టు. వెల్డు గట్టుకూ ముక్కకూ మధ్య వెంట్రుకవాసి నల్లగీత కనిపిస్తే పైన గట్టు ఎంత అందంగా ఉన్నా అది అతకలేదు, పక్కన కూర్చుందంతే. కరెంటు పెంచి, తీగ వేగం సర్ది, మళ్లీ కోసి చూడండి. ఆ గీత పోయేదాకా ఛాసిస్ మీద టార్చి పెట్టొద్దు.

తర్వాత ఖాళీ ఛాసిస్‌ని చదునైన నేల మీద నాలుగు స్టాండ్ల పైకెక్కించి రసమట్టంతో సరిచూడండి. ఒక మూల నుంచి ఎదురు మూలకు రెండు కర్ణాలూ కొలవండి. తేడా పావు అంగుళం దాటితే ఎస్-10 గుద్దుకున్నప్పుడు ఛాసిస్ మెలిపడినట్టే, దాన్ని వదిలెయ్యండి. సరిపోతే చక్రాలు బిగించి, క్యాబిన్, ఫెండర్లు, ఖాళీ ఇంజను బ్లాకు, గేరుబాక్సు డబ్బా, రేడియేటర్, స్టీరింగ్ రాడ్ అన్నీ వాటి చోట్ల పేర్చండి. ముందు చక్రం నడిమి బొడ్డు ఫెండర్ వంపు మధ్యకు రావాలి. డిస్ట్రిబ్యూటర్ మూతకూ క్యాబిన్ ముందుగోడకూ మధ్య చెయ్యి దూరాలి, స్టీరింగ్ రాడ్ ఎగ్జాస్ట్ మానిఫోల్డుకి తగలకూడదు. పాత 3100లో పొడవాటి ఆరు సిలిండర్ల ఇంజను ఉండేది కాబట్టి వి8కి ముందూ వెనకా చోటుంటుంది, ఇరుకు పక్కలకే. ఇంజను వెనక్కి సుమారు 3 డిగ్రీలు వాలాలి. ఇన్‌టేక్ మానిఫోల్డు మీద కార్బొరేటర్ కూర్చునే పీట ఆ వాలుకి తగ్గట్టే పోసి ఉంటుంది, పీట మీద రసమట్టం సమంగా నిలిస్తే ఇంజను వాలు సరిపోయినట్టే.

ఇప్పటిదాకా అన్నీ చుక్క వెల్డులే. బండి మొత్తం ఒకసారి నిలబడి, తలుపులు మూసుకుని, స్టీరింగ్ రెండు వైపులా తిరిగాక అంతా విప్పి పూర్తి వెల్డింగు చెయ్యండి. తొందరపడి ఇంజను మౌంట్లు ముందే అతికేసి, రేడియేటర్‌కి చోటు చాలక మళ్లీ కోసుకునేవాళ్లే ఎక్కువ.

మీ 6,000లో కొంత పక్కన పెట్టి తీరాల్సిన కొత్త సామాను: బ్రేకు హోసులు, ప్యాడ్లు, గొట్టాలు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, పెట్రోలు హోసులు, వైరింగ్ కట్ట, టైర్లు. టైరు గోడ మీద డాట్ అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 2314 అంటే 2014లో 23వ వారం తయారీ. గాట్లు నిండుగా ఉన్నా పదేళ్లు దాటినవి వద్దు. సీట్లు, అద్దాలు, మీటర్లు, రిమ్ములు, రంగు తుక్కుతోనే కానివ్వండి.

ఇంకొక్క జాగ్రత్త. వెల్డు చేసే చోటు శుభ్రానికి క్లోరిన్ కలిసిన బ్రేకు క్లీనర్ వాడొద్దు, ఆ తడి ఆరకుండా వెల్డు చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అసిటోన్ వాడి, పూర్తిగా ఆరనివ్వండి. జింకు పూత ఉన్న నీటి పైపులతో బ్రాకెట్లు చెయ్యడం కూడా మానండి, ఆ పొగ జ్వరం తెప్పిస్తుంది.

ప్రశ్న: ఎస్-10 వెనక ఇరుసు వి8కి ఆగదంటున్నారు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఇరుసు వెయ్యొచ్చా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: వెయ్యొచ్చు, తుక్కు యార్డులో ఇంతకంటే మంచి బేరం అరుదు. 1995 నుంచి 2001 దాకా వచ్చిన ఎక్స్‌ప్లోరర్‌లో 8.8 అంగుళాల క్రౌను (ఇరుసు మధ్యలోని పెద్ద పళ్లచక్రం), 31 పళ్ల ఆక్సిల్ షాఫ్టులు, వెనక డిస్కు బ్రేకులు ఉంటాయి. క్రౌను మూత బోల్టుకి చిన్న రేకు ముక్క వేలాడుతుంటుంది. దాని మీద 3L73 అని ఉంటే నిష్పత్తి 3.73, రెండు చక్రాలూ లాగే లిమిటెడ్ స్లిప్ రకం. L లేకుంటే మామూలుది. యార్డులో ఆ రేకు తుడిచి చదవడానికి ఒక గుడ్డ వెంట తీసుకెళ్లండి.

వెడల్పు సుమారు 59 అంగుళాలన్నర, ఎస్-10 ఇరుసు కంటే ఎక్కువ. 1947–53 షెవ్రొలే లాంటి వెడల్పు ఫెండర్ల బండికి ఇదే నప్పుతుంది. చిక్కల్లా బోల్టుల దగ్గర. ఎక్స్‌ప్లోరర్‌కి 5 బోల్టులు 4.5 అంగుళాల వృత్తం మీద, ఎస్-10 ముందు చక్రాలకి 4.75 మీద ఉంటాయి. ముందు రిమ్ము వెనక పట్టదు. ముందు హబ్బులకు కొత్త రంధ్రాలు మెషిన్ షాపులో వేయించుకోండి, లేదా రెండు రకాల రిమ్ములూ రెండు స్టెప్నీలూ పెట్టుకోండి. పావు అంగుళమేగా అని బలవంతంగా బిగిస్తే స్టడ్లు వంగి, దారిలో తెగుతాయి.

ఎక్స్‌ప్లోరర్ కమాన్ పీటలు కోసేసి, మీ ఛాసిస్ కమాన్ కట్టల దూరానికి కొత్తవి పెట్టాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పినియన్ (షాఫ్టు వచ్చి కలిసే చిన్న పళ్లచక్రం) ముక్కుని ఛాసిస్ మధ్యకు తెచ్చి ఇరుసుని బిగించడం. ఈ ఇరుసులో పినియన్ కుడివైపుకి సుమారు 2 అంగుళాలు జరిగే ఉంటుంది, అది దోషం కాదు. చక్రం బిగించే ముఖాల నుంచి ఛాసిస్ పట్టాకి రెండు వైపులా కొలిచి మధ్యకు తెండి.

పీటల్ని చుక్క వెల్డు మీదే ఉంచి, ఇంజను, క్యాబిన్ బరువంతా చక్రాల మీద పడ్డాక కోణం చూడండి. గేరుబాక్సు తోక కిందికి 3 డిగ్రీలుంటే పినియన్ ముక్కు పైకి 3 ఉండాలి. కమాన్లు లాగుడుకి మెలిపడి ముక్కు పైకి లేస్తుంది కాబట్టి ఒక డిగ్రీ తగ్గించి 2 దగ్గర పెట్టండి. ఈ లెక్క తప్పితే ఒక వేగం దాటగానే నేల కింద నుంచి గుయ్యిమని కంపనం వస్తుంది, క్రాసు బేరింగులు త్వరగా పోతాయి. పీటల్ని ఒకేసారి చుట్టూ అతకొద్దు, ఇరుసు గొట్టం అరటికాయలా వంగుతుంది. అంగుళం చొప్పున అటొకటి ఇటొకటి వేస్తూ, చెయ్యి పెట్టగలిగేంత చల్లారనిస్తూ వెళ్లండి.

షాఫ్టు కొలత చివరి పని. టీహెచ్350కి 27 పళ్ల స్లిప్ యోక్ (గేరుబాక్సులోకి జారే షాఫ్టు కొన) కావాలి. దాన్ని అంతందాకా లోపలికి తోసి, ముప్పావు అంగుళం బయటికి లాగి, అక్కడి నుంచి పినియన్ దాకా కొలిచి షాఫ్టు కోయించండి. అంతందాకా తోసి కొలిస్తే మొదటి గుంతలోనే షాఫ్టు గేరుబాక్సు వెనక భాగాన్ని కుమ్ముతుంది.

ప్రశ్న: పాత బండి అందం పోకూడదని పెడల్ నేలలోనే ఉంచి, మాస్టర్ సిలిండర్ ఛాసిస్‌కి బిగించాం. నాలుగు డిస్కులు. గాలి ఎన్నిసార్లు తీసినా, రాత్రి బండి నిలిపితే పొద్దున మొదటి తొక్కుకి పెడల్ నేలకి తగులుతోంది. లీకు ఎక్కడా లేదు. (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: మాస్టర్ సిలిండర్ క్యాలిపర్ల (డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టే భాగాలు) కంటే పల్లంలో ఉండటమే కారణం. బ్రేకు నూనె మెల్లగా వెనక్కి జారి, క్యాలిపర్ పిస్టన్లు లోపలికి పోతాయి. మొదటి తొక్కుడంతా ఆ ఖాళీ నింపడానికే సరిపోతుంది. ముందు లైనుకొకటి, వెనక లైనుకొకటి 2 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) రెసిడ్యువల్ వాల్వు, అంటే లైన్లో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు పెట్టండి. వెనక డ్రమ్ములు ఉన్నవాళ్లు వెనక మాత్రం 10 పీఎస్ఐది పెట్టాలి. డిస్కు లైన్లో పొరపాటున 10ది పెడితే ప్యాడ్లు డిస్కుని వదలక కాలి వాసనొస్తాయి. వాల్వు మీద బాణం గుర్తు చక్రం వైపుండాలి.

ఇంకో మూడు చూడండి. ఎడమ, కుడి క్యాలిపర్లు తారుమారైతే గాలి తీసే నిపుల్ కిందికి వస్తుంది, అప్పుడు రోజంతా తీసినా గాలి పైనే ఉండిపోతుంది, నిపుల్ ఎప్పుడూ పైనే ఉండాలి. బూస్టర్ (తొక్కుడికి బలం కలిపే డబ్బా) లేకపోతే పెడల్ నిష్పత్తి 6:1 కావాలి, బూస్టర్ పెడల్‌ని అలాగే వాడితే సుమారు 4:1 మాత్రమే దొరికి రాయిని తొక్కినట్టుంటుంది. తోపుడు కడ్డీకి అంగుళంలో పదహారో వంతు ఖాళీ ఉండాలి, లేకుంటే కొన్ని మైళ్లకే బ్రేకులు వాటంతటవే పట్టుకుంటాయి.

గొట్టాలు 3/16 అంగుళాల స్టీలు లేదా నికెల్-కాపర్, రెండు మడతల ఫ్లేర్‌తో. ఏసీ వాళ్లు వాడే రాగి గొట్టం, కంప్రెషన్ ఫిటింగులు బ్రేకు లైన్లో ఎక్కడా ఉండకూడదు. ఉంటే ఈ వారమే పీకెయ్యండి.

ప్రశ్న: ఊరికే వచ్చిన 350 ఇంజను నిజంగా 350యేనా? విప్పకుండా మంచిదో కాదో చెప్పగలమా? (ఆస్టిన్, టెక్సస్)

జవాబు: గేరుబాక్సు కలిసే అంచు మీద, డ్రైవర్ వైపు వెనక పోత అంకె ఉంటుంది. 3970010 అయితే పాత రకం, క్రాంకు వెనక సీలు రెండు ముక్కలది. 14093638 అయితే 1986 తర్వాతి పద్ధతి, సీలు ఒకే ముక్క. ఈ తేడా తెలియక పాత ఫ్లెక్స్‌ప్లేటుని (క్రాంకునీ ఆటోమేటిక్ గేరుబాక్సునీ కలిపే పలక) కొత్త క్రాంకుకి తెస్తారు, అది అసలు బోల్టులకే కలవదు. కొత్త రకానికి బరువు ముక్క అతికిన ఫ్లెక్స్‌ప్లేటే కావాలి.

మంచీ చెడూ చూడటానికి ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌లో గేజీ పెట్టి నాలుగైదు చుట్లు తిప్పండి. అన్నిటికంటే తక్కువ అంకె ఎక్కువ అంకెలో 75 శాతానికి తగ్గకూడదు. తగ్గిన సిలిండర్‌లో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వు దగ్గర కారుతోంది. పక్కపక్క రెండు సిలిండర్లు కలిసి తక్కువ చూపితే హెడ్ గాస్కెట్.

లిఫ్టర్లు (క్యాము మీద కూర్చుని వాల్వుల్ని కదిపే ముక్కలు) తీస్తే ఏది ఏ రంధ్రంలోదో రాసిపెట్టి అక్కడికే వెయ్యండి. తారుమారైన ఫ్లాట్ లిఫ్టర్ కొద్దిరోజుల్లోనే క్యాము దిమ్మెని తినేస్తుంది. ఫైరింగ్ వరుస 1-8-4-3-6-5-7-2. టైమింగు ఖాళీ నడకలో 8 నుంచి 12 డిగ్రీలు, వేగంలో వ్యాక్యూమ్ లేకుండా మొత్తం 34 నుంచి 36.

ప్రశ్న: ఎస్-10 పెట్రోలు ట్యాంకు, అందులోని పంపు అలాగే వాడుతున్నాను. 350 కార్బొరేటర్ మీద నుంచి పెట్రోలు పొంగుతోంది. (నేపర్‌విల్, ఇల్లినాయ్)

జవాబు: బండి ఇప్పుడే ఆపెయ్యండి, వేడి మానిఫోల్డు మీద పెట్రోలు అది. 1996 ఎస్-10 పంపు ఇంజెక్షన్ కోసం చేసింది, ఇంజనుని బట్టి 40 నుంచి 60 పీఎస్ఐ దాకా తోస్తుంది. కార్బొరేటర్ సూది ఆపగలిగేది 5 నుంచి 7 వరకే. ట్యాంకు ఉంచుకోండి, పంపు తీసి దాని చోట ఉత్త పీల్చే గొట్టం పెట్టండి. 350 బ్లాకు కుడివైపు ముందు మెకానికల్ పంపుకి చోటుంటే అది బిగించండి. లైను 3/8 అంగుళం, మన వడ్రంగుల లెక్కలో మూడు నూళ్లు. ఎలక్ట్రిక్ పంపే కావాలంటే తక్కువ ఒత్తిడిది కొని, ఇంజనాయిల్ ఒత్తిడి పడిపోగానే పంపు ఆపే స్విచ్చి ద్వారా కరెంటివ్వండి. గుద్దుకున్నప్పుడు ఇంజను ఆగినా పంపు ఆగకపోవడమే మంటలకి మూలం. 1949 నుంచి వచ్చిన పాత షెవ్రొలే పికప్‌ల ట్యాంకు సీటు వెనకే, క్యాబిన్ లోపల ఉంటుంది. దాన్ని తీసి పారెయ్యాలి.

ప్రశ్న: ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది, హైవేలో మామూలే. రేడియేటర్ మార్చాలా? (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: వద్దు. హైవేలో బాగుందంటే రేడియేటర్ చాలుతోంది, నిలబడినప్పుడు గాలే చాలట్లేదు. ఫ్యాను చుట్టూ ష్రౌడ్ (గాలిని రేడియేటర్ గుండా లాగించే తొడుగు) లేకపోతే ముందు అది పెట్టండి. ఎలక్ట్రిక్ ఫ్యానైతే రిలే ద్వారా, 10 గేజ్ వైరుతో కరెంటివ్వండి, ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య మందపాటి ఎర్త్ పట్టీ ఉందో చూడండి.

ప్రశ్న: క్యాబిన్ 1950ది, ఛాసిస్ 1996ది. కాగితాలు ఎలా? ఇలాంటి బండే విజయవాడ ఆటోనగర్‌లో పాత జీపుతో కట్టిస్తే రోడ్డెక్కుతుందా? (హ్యూస్టన్, టెక్సస్)

జవాబు: రెండు బళ్ల టైటిళ్లూ (యాజమాన్య పత్రాలు) అమ్మినవాళ్ల నుంచి డబ్బిచ్చే రోజే తీసుకోండి, ప్రతి భాగం రసీదూ దాచండి. కోత మొదలుపెట్టకముందే కౌంటీ ఆఫీసులో ఏ వర్గం కింద నమోదు చేస్తారో అడగండి. టెక్సస్‌లో కనీసం 25 ఏళ్లు నిండిన బండి 1949కి ముందు మోడలైతే స్ట్రీట్ రాడ్, 1948 తర్వాతిదైతే కస్టమ్ వెహికల్ ప్లేటు. విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) రేకుని ఒక బండి నుంచి పీకి ఇంకో బండికి కొట్టడం ఫెడరల్ నేరం, దాని జోలికి పోవద్దు. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత బళ్లకు ఏటా భద్రతా తనిఖీ తీసేశారు. మీ బ్రేకులూ వెల్డులూ ఇంకెవరూ చూడరన్నమాట, డబ్బిచ్చైనా అనుభవమున్న మెకానిక్‌తో ఒకసారి చూపించుకోండి.

ఆటోనగర్ పనివాళ్ల చేతికి ఇది కష్టమేమీ కాదు, అడ్డం చట్టమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఛాసిస్ కోసి కట్టిన బండిని ప్రదర్శనలో నిలబెట్టుకోవచ్చు, రోడ్డు మీదికి మాత్రం తేకండి.

ప్రశ్న: ఎస్-10 ఛాసిస్ మీద కట్టిన పికప్. వెనక కొంచెం ఎత్తు, ముందు వంగి చూడముచ్చటగా ఉంది. 60 మైళ్లు దాటితే స్టీరింగ్ తేలిపోతోంది, లారీ పక్కనుంచి పోతే బండి జరుగుతోంది. టై రాడ్లన్నీ కొత్తవే. (షార్లెట్, నార్త్ కరోలినా)

జవాబు: ఆ చూడముచ్చటే కారణం. ఛాసిస్ ముందుకు ఎన్ని డిగ్రీలు వంగితే క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) అన్ని డిగ్రీలు తగ్గుతుంది. కంపెనీ కొలత 3 ఉండి మీరు బండిని 2 వంచితే మిగిలేది 1, అంత తక్కువతో చక్రం తనంతట తిన్నబడదు. అలైన్‌మెంట్ షాపులో పవర్ స్టీరింగ్‌కి 3 నుంచి 5 డిగ్రీల పాజిటివ్ క్యాస్టర్, మొత్తం టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి మొగ్గడం) అంగుళంలో పదహారో వంతు అడగండి. పై ఆర్ము సర్దుబాటు అంతందాకా వెళ్లినా 3 రాకపోతే వెనక ఎత్తు తగ్గించాల్సిందే. బండి కట్టడం ఇంకా పూర్తికాని వాళ్లు రేక్ (ముందుకు వంగే వాలు) ఎంతో ముందే నిర్ణయించుకుని, ఛాసిస్‌ని ఆ వాలులోనే స్టాండ్ల మీద నిలిపి పినియన్ కోణం, ఇంజను వాలు, క్యాస్టర్ మూడూ కొలవండి. అలైన్‌మెంట్‌కి వెళ్లేముందు ట్యాంకు నింపి, తొట్టిలో మామూలుగా ఉండే బరువు పెట్టండి. ఆ తర్వాత 50 మైళ్లు నడిపి, కమాన్ల యూ బోల్టులూ చక్రాల నట్లూ మళ్లీ టార్కు రెంచితో బిగించండి. కొత్త పీటల మీద రంగు నలిగి, మొదటి మైళ్లలోనే అవి కొంత వదులవుతాయి.